చెవిన పడిన గొంతు

"అత్తయ్యా, టీ!"

ఉలుకూ పలుకూ లేదు.

"అత్తయ్యా! టీ తాగుతారా?"

ఎదురు మేడ మీద బట్టలు ఆరేస్తున్న మనిషి కూడా తిరిగి చూసింది. సోఫాలో కూర్చుని దిండు గలేబుకు ఊడిన బొత్తాం కుడుతున్న అత్తగారు మాత్రం తల ఎత్తలేదు. కోడలు కప్పు తెచ్చి ఆవిడ ముక్కు కింద పెట్టింది. అప్పుడు చూసింది.

"ఎందుకలా అరుస్తావు? చెవులు పోయాయిగానీ ముక్కు బాగానే పనిచేస్తోంది," అంది అత్తగారు కప్పు అందుకుంటూ.

వారం రోజులుగా ఇదే వరస. చెవి మిషన్లు రెండూ వాటి పెట్టెలో, ఫ్రిజ్ మీద, నిండా చార్జింగ్ ఎక్కి కూర్చున్నాయి. పెట్టుకోవాల్సిన మనిషి వాటి వంక చూడటం లేదు. పైగా ఆ ఇంటి కోడలి ఉద్యోగమే చెవి మిషన్లు అమర్చడం. ఊళ్ళో ఎవరెవరి తాతలనో, మామ్మలనో బతిమాలి, బుజ్జగించి, నాలుగు మాటలు చెవిన వేసి పంపుతుంది. సొంత ఇంట్లో టీ తాగమని చెప్పడానికి గొంతు చించుకోవాల్సి వస్తోంది.

పోయిన ఆదివారం జరిగినదానికి ఇంట్లో ఎవరూ పేరు పెట్టలేదు. "ఆ రోజు" అంటున్నారు, అంతే.

అత్తగారికి సొంత ఫోను లేదు. వద్దంది. కూతురితో మాట్లాడాలంటే కొడుకు ఫోనే దిక్కు. దాన్ని చెవికి ఆనించుకుంటే మిషన్లు కీచుమంటున్నాయని, కోడలే ఒక సాయంత్రం కూర్చుని వాటిని భర్త ఫోనుకి కలిపింది. ఇక ఫోను పక్క గదిలో ఉన్నా మాట నేరుగా ఆవిడ చెవిలోనే పడుతుంది. క్లినిక్‌లో అయితే 'కాల్స్ మాత్రమే' అన్నచోట నొక్కందే ఎవరినీ కుర్చీలోంచి లేవనివ్వదు. ఇంట్లో, పొయ్యి మీద పాలు పెట్టుకుని, ఆ ఒక్కటీ మరిచిపోయింది.

ఆ రోజు మధ్యాహ్నం భర్త పడకగది తలుపు దగ్గరగా వేసుకుని ఒక బూతు వీడియో పెట్టుకున్నాడు. ఫోనులోంచి చప్పుడు రాలేదు. సైలెంట్‌లో ఉందిలే అనుకున్నాడు. ఆ చప్పుడంతా హాల్లో బట్టలు మడతపెడుతున్న తల్లి చెవుల్లోకి వెళ్ళింది.

ఆవిడ కాసేపు కదలకుండా కూర్చుంది. తర్వాత రెండు మిషన్లూ పీకి బల్ల మీద పెట్టేసింది. పాడయ్యాయేమోనని కోడలు ఒకటి తీసి తన చెవి దగ్గర పెట్టుకుంది. ఒక క్షణం చాలింది. వెళ్ళి తలుపు తోసింది.

అప్పటినుంచి ఆమె పక్క అత్తగారి గదిలోకి మారింది.

కొడుకు క్షమాపణ చెప్పుకోవాలన్నా అరవాల్సిందే. ఒకసారి ప్రయత్నించాడు కూడా. "అమ్మా, తప్పయిపోయింది!" అన్న కేక విని కింద వాటాలో వాళ్ళు ఏమైందో అని మెట్లెక్కి వచ్చారు. గ్యాసు కట్టెయ్యడం మరిచిపోయానని ఏదో సర్దిచెప్పి పంపాడు. ఆ తర్వాత మళ్ళీ ఆ జోలికి పోలేదు.

ఇవాళ ఆడపడుచు వస్తోంది, తల్లిని తనతో తీసుకెళ్ళడానికి. కబురు పెట్టించింది అత్తగారే. "కొన్నాళ్ళు చిట్టి దగ్గర ఉంటా" అనగానే కోడలి గుండెల్లో రాయి పడింది. పెళ్ళయిన కొత్తలో అత్తగారంటే భయపడింది. ఇప్పుడు ఆ ఇంట్లో ఆమెకున్న స్నేహితురాలు ఆవిడే. క్లినిక్ కబుర్లు చెప్పేది ఆవిడకే, భర్త మీద చాడీలు చెప్పేది ఆవిడకే. ఆయన ఒక పక్క, తను ఒక పక్క, మధ్యలో వినపడకపోయినా ఒక మనిషి ఉన్నంతవరకు కాపురం ఏదోలా నడుస్తున్నట్టే ఉంది. ఆ మనిషి కూడా వెళ్ళిపోతే మిగిలేది ఇద్దరే. ఆ ఇద్దరూ ఒక ఇంట్లో ఉండగలరో లేదో ఆమెకి నిజంగా తెలియదు.

"వెళ్ళొద్దు అత్తయ్యా," అంది మామూలు గొంతుతో, పక్కన కూర్చుని.

అత్తగారు దారం పళ్ళతో తెంపి, కోడలి వంక చూడకుండా రెండో బొత్తాం అందుకుంది. వినపడలేదో, వినపడనట్టు ఊరుకుందో అర్థం కాలేదు.

* * *

చిట్టి వస్తూనే చెప్పులు చెరో మూలకీ విసిరి, తల్లి బుగ్గ గిల్లి, నేరుగా వంటింట్లోకి వచ్చింది. ఆమె మందుల షాపు నడుపుతుంది. ఆమె లోకంలో సిగ్గుపడాల్సిన రోగం లేదు, గుసగుసగా అడగాల్సిన మందు లేదు.

"ఇంతకీ అన్నయ్య చూసింది పోర్నేనా వదినా? నాకు ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పి నీళ్ళు నమిలాడు."

"మెల్లిగా మాట్లాడు."

"అమ్మకి వినపడదుగా?"

"పెదాలు చూసి చెప్పేస్తారు. చెయ్యి అడ్డం పెట్టుకో."

ఇది క్లినిక్‌లో అలవాటు. చెవి పరీక్ష చేసేటప్పుడు నోటికి అట్ట అడ్డం పెట్టుకునే మాటలు చెప్పాలి. లేకపోతే పెద్దవాళ్ళు పెదాల కదలిక పట్టేసి అన్నీ సరిగ్గా చెప్పి, మాకే లోపమూ లేదని ఇంటికి వెళ్ళిపోతారు. ఇప్పుడు ఇద్దరూ నోళ్ళకి చేతులు అడ్డం పెట్టుకుని, పంటి నొప్పి వచ్చినవాళ్ళలా పొయ్యి దగ్గర నిలబడ్డారు.

"అవును, అదే చూశారు," అంది కోడలు.

"దీనికింత రాద్ధాంతం ఎందుకు వదినా? నేను అన్నయ్యని వెనకేసుకు రావడం లేదు. వయసొచ్చిన మనిషి. తన గది, తన ఫోను. ఎవరినీ చెయ్యి పట్టుకు లాగలేదు, ఎవరింటికీ వెళ్ళలేదు. నా షాపుకొచ్చే మగవాళ్ళలో చూడనివాళ్ళెవరో వెతుక్కోవాలి. ఆడవాళ్ళూ చూస్తారు. నేనూ చూశాను."

"నువ్వా?"

"ఏం, నాకు కళ్ళు లేవా? మొదట్లో బాగానే ఉంది. తర్వాత విసుగొచ్చింది. అన్నీ ఒకటే కథ."

"మీ ఆయనకి తెలుసా?"

"ఇద్దరం కలిసే చూశాం. ఆయన మధ్యలోనే గుర్రు పెట్టాడు."

కోడలికి నవ్వొచ్చింది. వారం మొత్తంలో అదే మొదటి నవ్వు. వచ్చినంత తొందరగానూ పోయింది.

"అది వేరు చిట్టీ. మీరిద్దరూ ఒకచోట కూర్చుని చూశారు. ఈయన నన్ను తలుపు బయట పెట్టారు."

"నీకు చూడాలని ఉందా?"

"లేదు."

"మరి? చూడనివాళ్ళు బయటే ఉంటారు కదా."

మాట గొంతుదాకా వచ్చింది. రెండేళ్ళుగా ఆయన అటు తిరిగి పడుకుంటున్నాడని. అలసట అంటే నమ్మిందని. లావయ్యాననో, ముసలిదాన్నవుతున్నాననో అద్దం ముందు నిలబడి తనని తనే తిట్టుకుందని. అన్న గురించి చెల్లెలికి చెప్పే మాటలు కావవి. మింగేసింది.

"అయినా సెట్టింగు పెట్టింది నువ్వేగా?" అంది చిట్టి, కసిగా కాదు, బుజ్జగిస్తున్నట్టే. "అదొక్కటి సరిగ్గా పెట్టి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. ఎవరికీ నష్టం లేదు."

"తెలియకపోతే నష్టం లేనట్టేనా?"

"నా మటుకు నాకు అంతే. షాపులో నేనెవరినీ ఎందుకు అని అడగను. ఎవరి ఒళ్ళు వాళ్ళది. ఎవరి ఇష్టం వాళ్ళది. నువ్వు మాత్రం దీన్ని పట్టుకుని కాపురం పాడుచేసుకోకు."

చిట్టి మంచిదే. గయ్యాళి ఆడపడుచయితే పోట్లాడి కడిగిపారేయొచ్చు. ఇంత ప్రేమగా మాట్లాడే మనిషితో ఏం పోట్లాడతారు? కోడలు నోటి మీదనుంచి చెయ్యి తీసి, స్టవ్ కట్టేసింది.

* * *

డ్రైవింగ్ మాస్టారయిన భర్త మధ్యాహ్నానికి ఇల్లు చేరాడు. కొత్తవాళ్ళు కారు నడుపుతుంటే పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి ఉంచడం అతని ఉద్యోగం. సాయంత్రానికి కుడికాలు కొయ్యబారిపోతుంది. పేటలో సగం మందికి బండి నేర్పిన మనిషి కాబట్టి అందరూ మాస్టారూ అనే పిలుస్తారు. ఈ వారంలో ఆ మాస్టారు బాగా చిక్కిపోయాడు. గుమ్మంలో చెల్లెలి చెప్పులు చూసి, ఎవరినీ పలకరించకుండా పడకగదిలోకి జారుకున్నాడు.

ఇస్త్రీ బట్టలు సర్దే వంకతో కోడలు వెనకే వెళ్ళింది.

"చిట్టికి ఏం చెప్పావు?"

"నేను చెప్పేదేముంది? మీ చెల్లెలు మీ పక్షమే. కంగారు పడకండి."

"పక్షాలేంటి ఇందులో? నేనేమైనా హత్య చేశానా?" గొంతు పెరిగింది. వెంటనే తగ్గించుకున్నాడు. "తాగను. పేకాడను. పని, ఇల్లు తప్ప ఇంకోచోటు ఎరగను. నాకంటూ ఒక అరగంట. అది కూడా పాపమేనా?"

"పాపమని నేనన్నానా?"

"మరి అమ్మ గదిలో ఎందుకు పడుకుంటున్నావు?"

ఆమె చొక్కాలు బీరువాలో పెట్టింది. కోపం వచ్చినా బాగుండేది, నాలుగు మాటలు వాటంతటవే దొర్లేవి. ఆమెలో ఉన్నది ఒట్టి నీరసం.

"రెండేళ్ళయింది మీరు నా వైపు తిరిగి. అలసట అన్నారు. నిజమేననుకుని మీ కాలికి కాపడం పెట్టాను. ఆ అలసట నా ఒక్కదాని దగ్గరే వస్తుందని మీరు చెప్పలేదు."

అతను మంచం అంచున కూలబడి మోకాలు నొక్కుకున్నాడు.

"నీ దగ్గర భయం," అన్నాడు చివరికి.

"నేనేం చేశాను?"

"నువ్వేం చెయ్యలేదు. నువ్వూ అలిసిపోయే వస్తావు, నేనూ అలిసిపోయే వస్తాను. నీకిష్టమో కాదో కనుక్కోవాలి. ఇష్టమే అయినా నా వల్ల కాకపోతే, ఆ తర్వాత నీ మొహం ఎలా చూడను? అక్కడ ఆ బాధ లేదు. ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. వద్దనుకుంటే ఆపేస్తాను. అంతా నా చేతిలోనే ఉంటుంది."

"ఎప్పుడైనా ఆపారా?"

"ఆపగలను."

"మీ దగ్గరకొచ్చే కొత్తవాళ్ళూ అదేగా చెబుతారు? బ్రేకు తొక్కుదామనే అనుకున్నాం మాస్టారూ అని."

అతనికి నవ్వొచ్చింది. నవ్వబోయి, నవ్వొచ్చో లేదో తెలియక ఆగిపోయాడు. ఆమెకీ అలాగే అయింది. పాత రోజుల్లో అయితే ఇలాంటి మాటతోనే సగం గొడవలు తేలిపోయేవి.

"ఎవరికి చెడు చేశానో చెప్పు," అన్నాడు మెల్లిగా. "ఒక్కరి పేరు చెప్పు. వాళ్ళ పని వాళ్ళు ఇష్టపడి చేస్తున్నారు. నా మానాన నేను చూస్తున్నాను. మధ్యలో నష్టపోయిందెవరు?"

ఆ ఒక్క పేరూ నా పేరే అని ఆమె అనగలదు. అంటే ఏడుపొస్తుంది. ఏడవడానికి కూడా ఓపిక కావాలి. బీరువా తలుపు మూసి బయటికి వచ్చేసింది.

* * *

"అమ్మా, బయల్దేరదామా?" చిట్టి తల్లి ముందు నిలబడి, పెదాలు బాగా కదిలిస్తూ అరిచింది.

"కూర్చో. వాడిని కూడా రమ్మను," అంది అత్తగారు.

మాస్టారు వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అత్తగారు అందరినీ ఒకసారి చూసి, కోడలి వైపు చెయ్యి చాపింది.

"ఆ పెట్టె ఇలా ఇయ్యి అమ్మాయ్."

కోడలు వెంటనే ఇవ్వలేదు. ముందు భర్త దగ్గరికి వెళ్ళి ఫోను అడిగింది. అందరూ చూస్తుండగా మిషన్లకీ ఫోనుకీ ఉన్న లంకె తెంపేసి, ఫోను తిరిగి అతని చేతిలో పెట్టింది. ఆ తర్వాత పెట్టె తెరిచింది. ఎర్ర చుక్క ఉన్నది కుడి చెవికి, నీలం చుక్కది ఎడమకి. క్లినిక్‌లో ఎంతమందికి పెట్టినా ఇంత జాగ్రత్తగా పెట్టి ఉండదు. మిషను లోపల చిన్న గంట మోగినప్పుడు అత్తగారు రెప్పలు టపటపలాడించింది.

"వినపడుతోందా అత్తయ్యా?"

"ఆఁ. ఇంక ఎవరూ అరవకండి. చచ్చిపోతున్నాను మీ అరుపులతో."

వినపడని మనిషి అరుపులతో ఎలా చచ్చిపోతుందని ఎవరూ అడగలేదు.

"నేను అసహ్యం పుట్టి ఇవి తీసేశానని మీరంతా అనుకుంటున్నారు," అంది అత్తగారు. "నాకూ పెళ్ళయింది. మీ ఇద్దర్నీ కన్నాను. బూతంటే తెలియని వయసా నాది?"

చిట్టి కిసుక్కుమంది. అత్తగారు నవ్వలేదు.

"మొదట నాకు అర్థమే కాలేదు. పక్కింట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. తర్వాత మాటలు వినపడ్డాయి. మన తెలుగు మాటలే. చిన్నపిల్ల గొంతు కాదు, ఈ అమ్మాయంత మనిషి గొంతు. 'ఇంక ఆపండి' అంది. కాసేపాగి మళ్ళీ అంది. ఎవడో 'అయిపోయింది, ఇంకొంచెమే' అన్నాడు. ఆ తర్వాత ఆ పిల్ల ఇంక అడగలేదు."

"అమ్మా, అదంతా నటన," అన్నాడు మాస్టారు. "ముందే అనుకుని చేస్తారు."

"అయ్యుండొచ్చు. నీకెలా తెలిసింది?"

"చూశాను కదా! ఆవిడ నవ్వుతూనే ఉంది."

"'నవ్వు' అన్నారు. నవ్వింది. ఆ మాట కూడా నా చెవిలోనే పడింది."

కొడుకు చూసింది నవ్వుని. తల్లి విన్నది ఆ నవ్వుకి ముందు మాటని. మధ్యలో ఒక గోడ, దగ్గరగా వేసిన ఒక తలుపు ఉన్నాయి.

కోడలు మిషను చెవి దగ్గర పెట్టుకునేసరికి ఆ మాటలు అయిపోయాయి. తనకి వినపడింది ఊపిరి చప్పుడే. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో దెబ్బ తగిలింది తన ఒక్కదానికే అనుకుంది. పక్కన పడుకున్న అత్తగారు ఆ గొంతుని ఒంటరిగా మోస్తూ ఉందన్న ఆలోచనే రాలేదు. సిగ్గుగా అనిపించింది.

"అన్నీ అలాంటివి కావమ్మా," అంది చిట్టి. ఇందాక వంటింట్లో మాట్లాడిన గొంతు కాదది. "నిజంగానే ఇష్టపడి చేసేవాళ్ళు కూడా..." అని ఆగింది. "ఏమో. నేనెప్పుడూ ఆ మాట ఆలోచించలేదు."

"కాకపోవచ్చు. నేను విన్నది ఒక్కటే. అన్నిటి గురించీ నన్నడక్కు," అంది అత్తగారు. "వింటూ కూర్చుంటే ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది. ఎవరా పిల్ల, ఎక్కడుంది, నేనేం చెయ్యగలను? అందుకని తీసి పడేశాను. అదీ పిరికితనమేలే."

కొంగుతో మొహం తుడుచుకుని కొడుకు వైపు తిరిగింది.

"ఒక్కటి అడుగుతాను. తిట్టడానికి కాదు. ఆ మాట నీకే వినపడి ఉంటే, ఆపేవాడివా?"

కోడలు అతని మొహం వంకే చూస్తోంది. ఆయన అబద్ధం ఎలా ఉంటుందో ఆమెకి బాగా తెలుసు. అడగ్గానే వస్తుంది, మెత్తగా వస్తుంది. 'ఆపేవాడినమ్మా, ఒట్టు' అంటాడు. అన్నాడంటే తను ఇంక ఆలోచించాల్సిన పని లేదు. లోపలికి వెళ్ళి నాలుగు చీరలు సంచిలో పెట్టుకుని, అత్తగారితోపాటు చిట్టి కారులో తనూ కూర్చుంటుంది. ఆ మాట కోసమే ఆమె కాచుకుని ఉంది.

అతను చేతిలో ఫోను అటూ ఇటూ తిప్పాడు.

"తెలీదమ్మా," అన్నాడు తర్వాత. "ఆపేవాడిననే చెప్పాలనుంది. కానీ..." ఫోను జేబులో పెట్టుకున్నాడు. "బహుశా సౌండు తగ్గించి ఉండేవాడిని."

"అన్నయ్యా!" అంది చిట్టి.

అత్తగారు కళ్ళు మూసుకుంది. మిషన్లు మాత్రం తియ్యలేదు.

కోడలికి అసహ్యం వేసింది. దాంతోపాటే ఎందుకో ఊపిరి ఆడింది. గదిలో చెప్పిన భయం కూడా నిజమే కావచ్చు. కానీ అది విన్నవాళ్ళకి జాలి పుట్టించే నిజం. ఈ మాట అలాంటిది కాదు. దీన్ని చెప్పి ఆయన ఎవరి దగ్గరా ఏమీ సంపాదించలేడు. అయినా చెప్పాడు. అబద్ధానికి ఆమె జవాబు సిద్ధం చేసుకుంది. దీనికి ఏం చెయ్యాలో ఆమెకి తోచలేదు.

"నేను వెళ్ళాలో ఉండాలో అమ్మాయే చెప్పాలి," అంది అత్తగారు కళ్ళు తెరిచి. "ఉండమంటే ఉంటాను. ఇవి పెట్టుకునే ఉంటాను. ఏమంటావు అమ్మాయ్?"

వారమంతా కోడలు కోరుకున్నది ఇదే. ఉండండి అత్తయ్యా అంటే చాలు. మళ్ళీ సాయంత్రాలు క్లినిక్ కబుర్లు, ఆవిడ విసుర్లు, ఇద్దరూ కలిసి ఆయన మీద వేసే జోకులు. ఆయన తన గదిలో, తను అత్తగారి గదిలో. అలా ఎన్నేళ్ళయినా గడిచిపోతుంది. అలా గడిచిపోతుందనే ఇప్పుడు ఆమెకి భయం వేసింది.

"తీసుకెళ్ళు చిట్టీ," అంది.

చిట్టి కారు తాళాలు పట్టుకుని లేవబోతూ ఆగింది. "మరి నువ్వు వదినా?"

"నేనిక్కడే ఉంటాను. మిషన్లకి రోజూ రాత్రి చార్జింగ్ పెట్టించు. స్నానానికి వెళ్ళేటప్పుడు గుర్తుచేసి తీయించు."

మాస్టారు గోడ దగ్గరనుంచి ముందుకు వచ్చాడు. "అమ్మని ఉండనీ," అన్నాడు. అది ఆజ్ఞ కాదు, బతిమాలడం. "నాలుగు రోజులు పోయాక వెళ్ళొచ్చు కదా. అమ్మా, నువ్వయినా చెప్పు."

అత్తగారికి ఆ మాట స్పష్టంగా వినపడింది. కొడుకు వంక ఒకసారి చూసి, కోడలి చెయ్యి గట్టిగా నొక్కి వదిలి, చెప్పులు వేసుకోవడానికి గుమ్మం వైపు నడిచింది.